పెద్దల సభ కాదు, ప్రాంతాల సభ కావాలి

శ్రీలంక పార్లమెంటుకు సభ ఒక్కటే. సభ్యులు 225 మంది. అందులో 150 చేతులు లేస్తే రాజ్యాంగమే మారిపోతుంది. ఆ 150 చేతుల్లో జాఫ్నా తమిళుడి చెయ్యి ఒక్కటి లేకపోయినా, తూర్పు తీరపు ముస్లిం చెయ్యి ఒక్కటి లేకపోయినా, తేయాకు తోట కూలీల ప్రతినిధి చెయ్యి ఒక్కటి లేకపోయినా మారుతుంది. కొన్ని కీలక అధికరణాలను మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరపాలనే నిబంధన ఉంది. కానీ సభలో ఎవరిది మెజారిటీయో ఓటర్లలోనూ వాళ్లదే మెజారిటీ. ఒకే లెక్కను రెండుసార్లు కూడినంత మాత్రాన కొత్త న్యాయం పుట్టదు.

దీనికి అక్కడి పాలకులు పెట్టిన పేరు ప్రజాస్వామ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి శాసనసభలో 294 మంది ఉంటే మనవాళ్లు 119, అటువాళ్లు 175. ఆ లెక్క చూపించి నోరు మూయించినప్పుడు కూడా దాని పేరు ప్రజాస్వామ్యమే. అందుకే శ్రీలంకలో రెండో సభ కావాలా వద్దా అని ఏండ్ల తరబడి సాగుతున్న చర్చ మనకు పరాయి చర్చ కాదు. సంఖ్యాబలం లేని ప్రాంతం ఏ సభలో నిలబడి మాట్లాడాలి, మాట్లాడితే ఆ మాటకు విలువ ఎక్కడినుంచి వస్తుంది అన్నదే అక్కడి ప్రశ్న. మనం పుట్టినప్పటి నుంచీ మోసిన ప్రశ్న కూడా అదే.

2024 నవంబర్‌లో జరిగిన ఎన్నికల్లో నేషనల్ పీపుల్స్ పవర్ కూటమి 159 సీట్లు గెలిచింది. తమిళుల గుండెకాయ వంటి జాఫ్నా జిల్లాలోనే ఆరింట మూడు సీట్లు దానికి దక్కాయి. కొత్త రాజ్యాంగం తెస్తామన్నది ఆ కూటమి ఇచ్చిన హామీ. కొత్త రాజ్యాంగం అన్న మాట వినపడగానే శ్రీలంకలో రెండో సభ మాట కూడా లేస్తుంది. కాబట్టి ఇప్పుడే సూటిగా చెప్పుకోవాలి. రెండో సభ పెట్టినంత మాత్రాన చిన్న ప్రాంతానికి రక్షణ రాదు. ఆ సభలో ఎవరు కూర్చుంటారు, వాళ్లను ఎవరు పంపుతారు, వాళ్లు దేన్ని ఆపగలరు అన్న మూడు విషయాల్లోనే అసలు సంగతంతా ఉంది. ఇది ఊహించి చెప్పే మాట కాదు. శ్రీలంక ఒకసారి రెండో సభను చూసింది, పోగొట్టుకుంది. దాని కథ తెలుసుకుంటే చాలు.

అలంకారానికి ఒక సెనేట్

1947లో బ్రిటిష్ వాళ్లు పోతూ పోతూ సింహళానికి ఇచ్చిన సోల్బరీ రాజ్యాంగంలో రెండు సభలున్నాయి. ఒకటి ప్రజాప్రతినిధుల సభ, రెండోది సెనేట్. సెనేట్‌లో 30 మంది. అందులో 15 మందిని కింది సభ ఎన్నుకునేది. మిగతా 15 మందిని ప్రధాని సలహా మీద గవర్నర్ జనరల్ నియమించేవాడు. లెక్క అర్థమైంది కదా! కింది సభలో ఎవరికి బలముందో సగం సెనేట్‌లోనూ వాళ్లదే బలం. మిగతా సగం ఆ బలంతోనే ప్రధాని అయినవాడి చేతిలో ఉంది. ఉత్తర ప్రాంతం తనంతట తానుగా పంపిన మనిషి లేడు. తూర్పు ప్రాంతం పంపిన మనిషి లేడు. పైగా ఆ సెనేట్ ఒక బిల్లును కొంతకాలం ఆలస్యం చేయగలదే తప్ప ఓడించలేదు.

ఆ రాజ్యాంగంలో 29వ సెక్షన్ అని ఒకటుండేది. ఏ మతాన్నీ, ఏ జాతినీ నష్టపరిచే చట్టం చేయరాదని అది చెప్పింది. కాగితం మీద ఎంత బాగుందో చూడండి! ఆచరణలో ఏమైంది? 1948లో పౌరసత్వ చట్టం వచ్చింది. తరాలుగా తేయాకు తోటల్లో నడుం వంచిన లక్షలాది భారత సంతతి తమిళ కూలీలు ఒక్క కలం పోటుతో ఏ దేశానికీ చెందనివాళ్లయిపోయారు. 1947 ఎన్నికల్లో వాళ్ల పార్టీ సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ కొన్ని సీట్లు గెలిచింది. పౌరసత్వం పోయింది, దాని వెంట ఓటు పోయింది, ఓటుతోపాటే ఆ సీట్లూ పోయాయి. సెనేట్ ఉండి ఏం చేసింది? 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం వచ్చింది. తమిళంలో చదువుకుని సర్కారు కొలువు చేసుకుంటున్న గుమాస్తా రాత్రికి రాత్రే సొంత దేశంలో చదువురానివాడయ్యాడు. అప్పుడూ సెనేట్ ఉంది. ఉండి ఏం చేసింది?

ఏమీ చేయలేదు. చేయగలిగేలా దాన్ని కట్టలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అట్లాంటి సభ అది.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. 1960లో సిరిమావో బండారనాయకే ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయినప్పుడు ఆమె కింది సభకు ఎన్నికైన మనిషి కాదు. సెనేట్ సభ్యురాలిగానే ఆ పదవిలో కూర్చుంది. 1970లో ఆమె కూటమి తిరుగులేని మెజారిటీతో మళ్లీ గెలిచింది. 1971 అక్టోబర్ 2న సెనేట్ రద్దయింది. ఎక్కి వచ్చిన నిచ్చెననే తీసి పారేసిందన్న మాట. ఆ సభ కోసం ఉత్తరాన గాని దక్షిణాన గాని వీధిలోకి వచ్చి కొట్లాడిన ప్రజా ఉద్యమమేదీ లేదు. ఎందుకుంటుంది? ఎవరి పక్షానా నిలబడని సభ పోతే ఎవరు ఏడుస్తారు?

ఒక్క సభతో ఎన్ని చేయవచ్చు

సెనేట్ పోయిన మరుసటి ఏడు, 1972 మే 22న గణతంత్ర రాజ్యాంగం వచ్చింది. జాతీయ రాజ్య సభ పేరుతో ఒకే సభ. 29వ సెక్షన్ పోయింది. భాషా చట్టంగా ఉన్న సింహళం రాజ్యాంగంలోకి ఎక్కింది. బౌద్ధానికి అగ్రస్థానం అని రాసుకున్నారు. ఈ రాజ్యాంగ రచనకు సారథ్యం వహించింది కొల్విన్ ఆర్. డి సిల్వా అనే వామపక్ష నాయకుడు. ఒకే భాష అంటే దేశం రెండవుతుంది, రెండు భాషలంటే దేశం ఒక్కటిగా ఉంటుందని 1956లో హెచ్చరించింది ఆయనే! అధికారం దగ్గరికి వచ్చేసరికి మంచి మాటలు చెప్పినవాళ్లు ఎట్లా మారతారో తెలుసుకోవడానికి మనకు సింహళం దాకా పోవలసిన పని లేదు. అయినా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

1977లో ఇంకో పార్టీ వచ్చింది. యునైటెడ్ నేషనల్ పార్టీకి 168లో 140 సీట్లు. ప్రధాన ప్రతిపక్షం ఎవరనుకున్నారు? 18 మందితో తమిళ ఐక్య విమోచన కూటమి! ఆరింట ఐదు వంతులు ఒకవైపు, చీలిపోయిన జాతి ఒకవైపు. ఆ సభే 1978లో కొత్త రాజ్యాంగం చేసింది. ఆ సభే 1982 డిసెంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, ఎన్నికలు లేకుండా తన ఆయుష్షును ఆరేండ్లు పొడిగించుకుంది. 1983 జూలైలో కొలంబో వీధుల్లో తమిళుల ఇండ్లు తగలబడ్డాయి. బాధితులకు న్యాయం చెప్పవలసిన సభ ఆగస్టులో ఆరో సవరణ చేసింది. ప్రత్యేక దేశం కోరబోమని ప్రతి సభ్యుడూ ప్రమాణం చేయాలన్నది. తమిళ సభ్యులు చేయలేదు, సీట్లు పోగొట్టుకున్నారు. సభలో మాట్లాడే దారి మూసిన తర్వాత మాట అడవిలోకి పోయింది, తుపాకిలోకి పోయింది. తర్వాతి పాతికేండ్ల యుద్ధం, 2009లో ముల్లివాయిక్కాల్ దాకా సాగిన నెత్తురు అందరికీ తెలిసినవే.

ఒకే సభ ఉన్న ప్రతి దేశంలో ఇట్లా జరుగుతుందని అనడం లేదు. ఒకే జాతి శాశ్వత మెజారిటీగా ఉన్న దేశంలో ఒకే సభ ఉంటే, ఆ సభకు ఆగమని చెప్పే గొంతు రాజ్యాంగం లోపల ఎక్కడా మిగలదు. చెప్పేది అదీ.

మండళ్లు ఇచ్చారు, మాట ఇవ్వలేదు

1987 జూలైలో భారత్-శ్రీలంక ఒప్పందం జరిగింది. నవంబర్‌లో 13వ సవరణతో ప్రావిన్సు మండళ్లు వచ్చాయి. తొమ్మిది ప్రావిన్సులు, తొమ్మిది మండళ్లు, ముఖ్యమంత్రులు. భూమి, పోలీసు అధికారాలు కాగితం మీద ఇచ్చి చేతికివ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు ప్రతి మండలి నెత్తిన ఒక గవర్నర్ కూర్చున్నాడు. సరే, వచ్చిన ఆ కొన్ని అధికారాలనైనా కొలంబో వెనక్కి గుంజుకోకుండా కాపాడేది ఏమిటి? ఆ అధ్యాయాన్ని మార్చే బిల్లును అన్ని మండళ్లకూ పంపి వాటి అభిప్రాయం తీసుకోవాలి. ఒక మండలి కాదన్నా పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించుకోవచ్చు. అభిప్రాయం అడుగుతారు, వినవలసిన పని లేదు. ఈ పద్ధతి మనకు బాగా తెలిసిందే. మన రాజ్యాంగం మూడో అధికరణంలో ఉన్నదీ ఈ 'అభిప్రాయమే'.

ఇది ఎట్లా పనిచేస్తుందో 2012లో దివినెగుమ బిల్లు చూపించింది. పేదరిక నిర్మూలన పేరుతో ప్రావిన్సుల చేతిలోని పనులను కేంద్ర శాఖ కిందికి తెచ్చే బిల్లు అది. మండళ్లకు పంపకుండా చేయరాదని సుప్రీంకోర్టు అన్నది. ఎనిమిది మండళ్లు తలూపాయి. ఉత్తర ప్రావిన్సులో అప్పటికి ఎన్నికైన మండలే లేదు. ఆ లోటు గవర్నర్ పూడ్చాడు. మండలి బదులు తానే సమ్మతి తెలిపాడు! రాష్ట్రపతి నియమించిన మనిషి ఆ ప్రజల గొంతు ఎట్లా అవుతాడు? కోర్టు ఒప్పుకోలేదు. ఏమైంది? 2013 జనవరిలో మూడింట రెండు వంతుల బలంతో బిల్లు పాసైంది. అదే నెలలో ప్రధాన న్యాయమూర్తి శిరాణీ బండారనాయకేను అభిశంసించి ఇంటికి పంపారు.

ప్రావిన్సుల కోసం జాతీయ స్థాయిలో ఒక సభ ఉండి, ఆ సభ కాదంటే బిల్లు ఆగిపోయే ఏర్పాటు ఉంటే ఈ కథ ఇట్లా నడిచేదా? రెండో సభ అవసరం ఏమిటో అడిగేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2017 ప్రతిపాదన: 55 మంది లెక్క

2016లో శ్రీలంక పార్లమెంటు తానే రాజ్యాంగ సభగా కూర్చుంది. దాని సారథ్య సంఘం 2017 సెప్టెంబర్‌లో మధ్యంతర నివేదిక ఇచ్చింది. అందులో రెండో సభ ప్రతిపాదన స్పష్టంగా ఉంది. సభ్యులు 55 మంది. ఒక్కో ప్రావిన్సు మండలి నుంచి ఐదుగురు చొప్పున 45 మంది. మిగతా పది మందిని పార్లమెంటు ఎన్నుకుంటుంది. మామూలు బిల్లులను ఈ సభ ఓడించలేదు, పునరాలోచించమని తిప్పి పంపగలదు. రాజ్యాంగ సవరణ మాత్రం రెండు సభల్లోనూ విడివిడిగా మూడింట రెండు వంతుల మెజారిటీతో పాస్ కావాలి.

పాత సెనేట్‌తో పోలిస్తే ఇది భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. జనం ఎక్కువున్న పశ్చిమ ప్రావిన్సుకూ ఐదే, యుద్ధంలో సగం ఖాళీ అయిన ఉత్తర ప్రావిన్సుకూ ఐదే. వాళ్లను పంపేది ప్రధాని కాదు, ఆ ప్రావిన్సు ఎన్నుకున్న మండలి. మొదటి రెండు పరీక్షల్లో నెగ్గినట్టే.

మూడో పరీక్ష దగ్గర ఆగి లెక్క వేయండి. 55లో మూడింట రెండు వంతులంటే 37. ఉత్తర, తూర్పు ప్రావిన్సులు కలిసి పంపేది పది మందిని. మిగతా ఏడు ప్రావిన్సుల 35 మంది, పార్లమెంటు పంపిన పది మంది కలిస్తే 45. అంటే ఉత్తర, తూర్పు ప్రతినిధులు పదికి పది మంది ఒక్క తాటిమీద నిలబడి వద్దన్నా సవరణ పాసవుతుంది! తూర్పు నుంచి వచ్చే ఐదుగురిలో తమిళులు, ముస్లింలు, సింహళులు ముగ్గురూ ఉంటారు కాబట్టి ఆ పది కూడా ఒక్క మాట మీద ఉంటుందన్న హామీ లేదు. సమాన సీట్లు ఇచ్చినట్టే ఇచ్చి, సమానమైన మాట ఇవ్వకపోవడం అంటే ఇదే.

దీనికి మందు లేకపోలేదు. ఒక ప్రావిన్సు సరిహద్దుల్ని, భూమిని, భాషను, అధికారాలను తాకే బిల్లు ఏదైనా సరే, సభ మొత్తం మెజారిటీతో పాటు ఆ ప్రావిన్సు ప్రతినిధుల్లోనూ మెజారిటీ ఒప్పుకుంటేనే పాస్ కావాలి. జంట మెజారిటీ అన్న మాట. ఒక్క వాక్యం చేర్చితే సరిపోయేది. ఆ వాక్యం చేర్చనంత కాలం రెండో సభ మొదటి సభకు ప్రతిధ్వని మాత్రమే.

ఆ ప్రతిపాదనైనా ముందుకు నడిచిందా అంటే అదీ లేదు. రెండో సభ అంటే దేశాన్ని ముక్కలు చేయడమేనని కొందరు గోల పెట్టారు. ఇది వింత వాదన. విడిపోదామనుకునేవాడు కొలంబోలో కుర్చీ అడుగుతాడా? కలిసి ఉండటానికి సిద్ధపడ్డవాడే జాతీయ సభలో జాగ అడుగుతాడు. 2018 అక్టోబర్ రాజకీయ సంక్షోభంతో, 2019లో అధికారం చేతులు మారడంతో ఆ నివేదిక అటకెక్కింది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, 2017లో ఎన్నికల పద్ధతి మార్చి, కొత్త నియోజకవర్గాల హద్దుల నివేదికను పార్లమెంటే తిరస్కరించి, కొత్త పద్ధతీ లేక పాత పద్ధతీ లేక మండళ్ల ఎన్నికలే ఆపేశారు. 2019 నాటికి తొమ్మిది మండళ్ల గడువూ తీరిపోయింది. ఆ తర్వాత ఏండ్లకేండ్లు గవర్నర్ల పాలనే. ఎన్నికైన మండలే లేనప్పుడు రెండో సభకు ఐదుగురిని ఎవరు పంపుతారు? పునాది తవ్వకుండా పై అంతస్తుకు రంగు ఎంచుకున్నట్టుంది. ముందు మండళ్ల ఎన్నికలు, తర్వాతనే రెండో సభ మాట.

పక్కనున్న నేపాల్‌ను చూడండి. రాచరికం పోయే సంధికాలంలో ఒకే సభతో నడిచి, 2015 రాజ్యాంగంతో మళ్లీ రెండు సభలకు వచ్చింది. జాతీయ సభలో 59 మంది. ఏడు ప్రావిన్సుల నుంచి ఎనిమిదేసి మంది, ముగ్గురు నామినేటెడ్. ప్రతి ఎనిమిది మందిలో కనీసం ముగ్గురు మహిళలు, ఒక దళితుడు, ఒక వికలాంగుడు లేదా మైనారిటీ ఉండాలి. ఇది చెప్పుకోదగ్గ ఏర్పాటు. అయితే ఆ మూడు నామినేటెడ్ కుర్చీల కథ వేరే. ప్రజల ఓటుతో ఓడిపోయిన పెద్ద నాయకుడొకరు 2020లో ఆ దారినే లోపలికి వచ్చారు. నామినేషన్ అనే కిటికీ తెరిచి ఉంటే తలుపు దగ్గర ఓడినవాడు అటునుంచే వస్తాడు.

మన అనుభవం ఏం చెబుతోంది

ఈ లెక్కలు మనకు పుస్తకాల్లోనుంచి రాలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. తెలంగాణకు ప్రాంతీయ మండలి అన్నారు. ఆచరణలోకి వచ్చేసరికి అది ప్రాంతీయ సంఘం అయింది. తెలంగాణ శాసనసభ్యులే అందులో సభ్యులు. ఒక రకంగా అది శాసనసభ లోపల ఒక రెండో సభ. కానీ దాని మాటకూ ప్రభుత్వం మాటకూ తేడా వస్తే ఏమవుతుంది? గవర్నర్ చెప్పిందే చివరి మాట! మిగులు నిధుల లెక్క తేల్చడానికి 1969లో విద్యార్థులు ప్రాణాలు ఇవ్వవలసి వచ్చిందంటే ఆ సంఘం బలం ఎంతో తెలుస్తూనే ఉంది. 1973లో ఆరు సూత్రాల పథకంతో అది కూడా పోయింది. సింహళ సెనేట్ పోయిన రెండేండ్లకే మన సంఘమూ పోయింది. రెండూ ఒకే జబ్బుతో పోయాయి. సలహా చెప్పే హక్కు ఉంది, ఆపే హక్కు లేదు.

మన రాజ్యసభ మాటేమిటి? పేరులోనే రాష్ట్రాల సభ. కానీ ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లు, నాగాలాండ్‌కు ఒకటి, మిజోరంకు ఒకటి, సిక్కింకు ఒకటి. మనకు ఏడు. కింది సభలో ఉన్న జనాభా లెక్కే పైసభలోనూ ఉంటే రెండు సభలెందుకు? 2003లో చట్టం మార్చి, ఏ రాష్ట్రం నుంచి పోటీ చేసేవాడు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నియమాన్నీ తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సరేనన్నది. రాష్ట్రంతో నీరు, నేల సంబంధం లేనివాడు కూడా ఆ రాష్ట్ర ప్రతినిధే! రాష్ట్రాలన్నింటికీ జనాభాతో నిమిత్తం లేకుండా సమాన సీట్లు ఇవ్వాలని పూంఛీ కమిషన్ 2010లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు కాగితంగానే ఉండిపోయింది.

ఫలితం ఏమిటో 2014లోనే చూశాం. జూన్ 2న రాష్ట్రం పుట్టింది. జూలై 14న రాజ్యసభ ఒక సవరణ బిల్లుకు ఆమోదం తెలిపింది. పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. పుట్టి ఆరు వారాలే అయిన రాష్ట్రం వద్దు వద్దని మొత్తుకుంది. ఆ మండలాల ఆదివాసులు వద్దన్నారు. రాష్ట్రాల సభకు ఆ రాష్ట్రం మాట వినపడలేదు. ఆంధ్ర మిత్రులకూ ఒక మాట. 2014 ఫిబ్రవరి 20న మీకు ఐదేండ్లు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ హామీ ఇచ్చింది ఈ రాజ్యసభలోనే. ఆ హామీ ఏమైంది? రాష్ట్రాల సభలో, రాష్ట్రానికి ఇచ్చిన మాటకే దిక్కు లేదు. ఇక 2019 ఆగస్టు 5. జమ్మూకశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా చీల్చే బిల్లు ముందు పాసైంది రాజ్యసభలోనే, 61కి 125 ఓట్లతో. ఆ రాష్ట్ర శాసనసభ అప్పటికే రద్దయి ఉంది. శాసనసభ చెప్పవలసిన అభిప్రాయాన్ని దాని బదులు పార్లమెంటే చెప్పేసుకుంది. జాఫ్నా గవర్నర్ సంతకం గుర్తొస్తోందా?

వీటో ఎవరి చేతిలో?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాటవేయకుండా జవాబు చెప్పుకోవాలి. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ తెలంగాణ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఆ తిరస్కారానికి ఆపే శక్తి ఉండి ఉంటే తెలంగాణ వచ్చేదా? రాకపోయేది. అభిప్రాయం అడిగితే చాలు, వినవలసిన పని లేదన్న ఆ మూడో అధికరణమే మనకు రాష్ట్రాన్ని ఇచ్చింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభ బిల్లును పాస్ చేసింది. పెద్దమనుషుల ఒప్పందం జరిగిన రోజుకు సరిగ్గా 58 ఏండ్లు. మనకు మేలు చేసిన నియమాన్నే మనం తప్పు పట్టవచ్చా?

పట్టవచ్చు, పట్టాలి. ఎందుకంటే ఆ శాసనసభ తిరస్కారంలో వినపడింది విడిపోదామన్న ప్రాంతం గొంతు కాదు, ఆ ప్రాంతాన్ని పోనివ్వనన్న మెజారిటీ గొంతు. ఆపే హక్కు రాష్ట్రం పేరు పెట్టుకున్న మెజారిటీకి ఇస్తే అది జైలు తాళంచెవి అవుతుంది. ఏ ప్రాంతం బతుకు మారుతోందో ఆ ప్రాంతానికి ఇస్తే అది ఇంటి తాళంచెవి అవుతుంది. ఈ సూత్రంతో కొలిచి చూడండి. 2014 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రాంత ప్రతినిధులు అవునన్నారు, రాష్ట్రం రావడం న్యాయం. జూలైలో ఏడు మండలాలు కాదన్నాయి, గుంజుకోవడం అన్యాయం. ఒకే కొలబద్ద, రెండు చోట్లా సరైన జవాబు.

ఈ కొలబద్ద తమిళ నాయకులకూ వర్తిస్తుంది. 1990 అక్టోబర్‌లో ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలను మొత్తానికి మొత్తంగా వెళ్లగొట్టింది టైగర్లే. ఉత్తర ప్రావిన్సుకు ఐదు సీట్లు ఇచ్చి, ఐదూ ఒకే పార్టీ ఎత్తుకుపోయే పద్ధతి పెడితే లోపలి మైనారిటీకి మళ్లీ అదే గతి. అందుకే ఆ ఐదుగురిని బదిలీ ఓటు పద్ధతిలో ఎన్నుకోవాలి. ఐదు సీట్లకు ఆ పద్ధతిలో మండలిలో ఆరో వంతు దాటిన బలం ఉన్నవాళ్లకు ఒక సీటు ఖాయంగా దక్కుతుంది. మన హక్కు అడిగే నోటితోనే మన పక్కవాడి హక్కూ పలకాలి. లేకపోతే అది ఉద్యమం కాదు, వంతు కోసం ఎదురుచూపు.

రెండో సభకు అడ్డుపడేవాళ్లు ఖర్చు గురించి మాట్లాడతారు, ఆలస్యం గురించి మాట్లాడతారు. యాభై ఐదు కుర్చీల ఖర్చు ఎంత, పాతికేండ్ల యుద్ధం ఖర్చు ఎంత? ఆలస్యం అంటారా? 1956లో భాషా చట్టం ఆలస్యమై ఉంటే ఎవరికి నష్టం జరిగేది? కొన్ని చట్టాలు ఆలస్యం కావడమే దేశానికి మేలు.

శ్రీలంకలో కొత్త రాజ్యాంగ రచనకు కూర్చునేవాళ్లు మన మాట వింటారని కాదు. కానీ ఆ చర్చ మొదలైనప్పుడు మన విద్యార్థులు, ఉద్యోగులు, వకీళ్లు దాన్ని చదవాలి. అక్కడ రెండో సభ వస్తుందని వార్త చూసి చప్పట్లు కొట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ప్రావిన్సులన్నింటికీ సమాన సీట్లున్నాయా? వాళ్లను పంపేది ఆ ప్రావిన్సు ప్రజలా, కొలంబో పెద్దలా? తమ నేల మీదికి వచ్చిన చట్టాన్ని ఆ ప్రావిన్సు ప్రతినిధులు ఆపగలరా? మూడింటికీ అవునని జవాబు రాకపోతే అది ఓడిపోయిన నాయకులకు పునరావాస కేంద్రమే తప్ప ప్రాంతాల సభ కాదు.

అవే మూడు ప్రశ్నలు మన రాజ్యసభనూ అడగాలి. రాష్ట్రం వచ్చింది కదా, ఇంకెందుకు అనుకుంటే పొరపాటు. రాష్ట్రం తెచ్చుకున్నది ఒక్కసారి. దాని నేలను, నీళ్లను, కొలువులను కాపాడుకోవలసింది ప్రతి పార్లమెంటు సమావేశంలో.